కోనసీమ చుట్టుగట్టు

పట్టణము పెరిగినకొలది దాని చుట్టును ఒక త్రోవ కావలసివచ్చును. ఊరి నడుమ పనిలేని బండ్లను ఊరి వెలుపలనుండియే సాగనంపుట దాని ప్రయోజనము. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలుగా అట్టి రహదారిని నిర్మించినారు. 2008లో దాని మొదటి భాగమును తెరచినారు. 2018 నాటికి వలయము పూర్తిగా కలిసినది. ఇది మన కాలపు కథ. వియన్నా నగరపు కథ ఇంతకంటె పాతది. శత్రువులకు వెరచి కట్టుకొన్న కోటగోడలు ఇక అక్కరలేదని 1857లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఉత్తరువు చేయగా, వాటిని పడగొట్టి, ఆ జాడలోనే విశాలమైన వలయ వీథిని వేసినారు. 1865లో దానిని ప్రారంభించినారు. శత్రువు రాడని తెలిసిన తరువాత గోడ త్రోవయైనది.

కోనసీమలో మహానగరము లేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట పట్టణములనవచ్చునే గాని, వాటికి వలయ రహదారి కావలెనని ఎవరును కోరలేదు. అయినను హైదరాబాదు వలయము కంటె నూరేండ్లకు పైగా పెద్దదైన చుట్టుత్రోవ ఒకటి ఈ సీమకు కలదు. దానిని ఎవరును రహదారియని పిలువరు. ఏటిగట్టు అందురు. పొలము మధ్యనుండి చూచినవారికి కొబ్బరితోటల వెనుక పచ్చని కొండవాలువలె కనిపించు మట్టికట్ట అది. వియన్నా గోడకును దీనికిని ఉన్న భేదము ఒక్కటే. ఈ గోడ ఎవరికొరకు కట్టినారో ఆ శత్రువు రాక మానలేదు. ఏటేటా శ్రావణ భాద్రపదములలో వచ్చుచునేయున్నది. కనుక ఈ గట్టు ఒకే కాలమున గోడగాను త్రోవగాను ఉండవలసివచ్చినది. ఆ రెండు పనులకును పొత్తు కుదరకపోవుటయే ఈ గట్టు చరిత్రలో చాలభాగము.

ముందు దీని రూపము చెప్పవలెను. ధవళేశ్వరము దిగువ గోదావరి రెండు పాయలగును. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. ఈ రెంటి నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా ఉన్న ముక్కోణపు నేల కోనసీమ. అయితే అది ఒక్క ద్వీపము కాదు. గన్నవరము ప్రాంతమున వశిష్ఠనుండి వైనతేయ అను మూడవ పాయ చీలి, బోడసకుర్రు మీదుగా ఓడలరేవు వద్ద సముద్రమున కలియును. దానికి పడమటనున్న రాజోలు సీమ వేరొక ద్వీపము. కనుక గట్టు కూడ ఒక్క చుట్టు కాదు, రెండు చుట్లు. బొబ్బర్లంకనుండి గౌతమి వెంట వాడపల్లి, రావులపాలెము, ముక్తేశ్వరము మీదుగా యానాము ఎదుటనున్న ఎదుర్లంక దిక్కునకు సాగునది ఒక చేయి; వశిష్ఠ, వైనతేయల వెంట దిగి వచ్చునది రెండవ చేయి. రాజోలు సీమకు వైనతేయ గట్టొకవైపు, వశిష్ఠ గట్టొకవైపు. సముద్రము దిక్కున మాత్రము ఈ వలయము తెరచియే యున్నది. అచ్చట ఇసుక మెట్టలును, మడ అడవులును తప్ప వేరు కాపు లేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమను మట్టుపెట్టినప్పుడు, ఏటివైపు ఎంత గట్టు ఉండియు ప్రయోజనము లేకపోయినది.

ఈ గట్టును ఎవరు కట్టినారని అడిగినచో, కోనసీమలో చిన్నపిల్లవాడు కూడ కాటన్ దొర అని చెప్పును. అందులో నిజము కలదు. కాని పూర్తి నిజము కాదు. ఆనకట్టకు ముందు కూడ జమీందారులును, గ్రామస్థులును ఎవరి ఊరి మేరకు వారు తుంపులు తుంపులుగా కట్టలు వేసికొనెడివారు. ఒక ఊరి కట్ట బలమైనదైనచో నీరు ప్రక్క ఊరిమీదికి పోయెడిది. వరద వచ్చి పొలములమీద పరచుకొని, ఒండ్రు విడిచి పోయెడిది. ఆ ఒండ్రుతో ఒక యేడు పండెడిది, మరొక యేడు కొట్టుకొనిపోయెడిది. 1833 ప్రాంతపు కరువులో ఎదురుగా గోదావరి పారుచుండగానే జనము ఆకలితో చనిపోయినారు. అట్టి దేశమును చూచిన ఆర్థర్ కాటన్ 1840 దశకము నడుమ తన నివేదికలు వ్రాసినాడు. 1847లో ధవళేశ్వరము వద్ద పని ప్రారంభమై 1852లో ఆనకట్ట పూర్తియైనది. ఆయనకు కుడిభుజముగా పనిచేసిన వీణెం వీరన్నను ఈ సందర్భమున తలవకపోవుట కృతఘ్నత.

ఆనకట్ట కట్టగానే ఏటిగట్టు లేక తీరదను స్థితి వచ్చినది. ఇది కొంత ఆలోచింపవలసిన విషయము. కాలువ లేనినాడు వరద వచ్చి పోయిన నష్టము ఒక పంటకు మాత్రమే. కాలువలు త్రవ్వి, లాకులు కట్టి, నీరు చేరిన నేలయంతటను వరి వేసిన తరువాత, వరద ఒక్కసారి లోపలికి వచ్చినచో పంటతోపాటు కాలువయు, లాకులును, తూములును పోవును. లొల్ల లాకుల వద్ద కాలువ చీలి అమలాపురము వైపునకును, గన్నవరము వైపునకును పోవుట చూచినవారికి ఈ మాట సులభముగా తెలియును. అంత నేర్పుతో కొలతవేసి పంచిన నీరు సుమారు 2 లక్షల ఎకరములకు అందుచున్నది. దానిని కొలత లేని నీటినుండి కాపాడవలెను. అందుచేత ఊరూరి తుంపులను కలిపి, ఎత్తు పెంచి, ఒకే కట్టగా చేయవలసివచ్చినది. మంచినీటికి తలుపు తెరచినవారు వరదనీటికి తలుపు మూయక తప్పినది కాదు.

ఈ రెండు చుట్లకును నడుమ ముడి గన్నవరపు ఆక్విడెక్టు. వైనతేయమీద 40 అడుగుల వెడల్పుగల 49 కమానులు కట్టి, వాటిపై కాలువను దాటించి రాజోలు సీమకు నీరిచ్చినారు. లెఫ్టినెంటు హేగ్ అను యువకుడైన ఇంజనీరు 1850 దశకపు తొలి సంవత్సరములలో దానిని నిర్మించినాడు. క్రింద ఏరు, పైన కాలువ, దానిపై పడవ! అప్పటి జనులు దానిని చూచుటకు వచ్చెడివారనిన ఆశ్చర్యము లేదు. సుమారు నూటయేబది ఏండ్ల తరువాత దాని ప్రక్కనే కొత్తది కట్టి, లంకల గన్నవరమున ఆకలిగొన్నవారికి వేళ చూడక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఇంజనీరు పేరుకంటె అన్నదాత పేరు ఆ వంతెనకు తగియున్నదని మా అభిప్రాయము. నీరు వచ్చినది అన్నము కొరకే గదా.

ఇక గట్టు త్రోవ ఎట్లయినదో చూతము. కోనసీమ నేల పల్లము. వానకాలములో పొలముల నడుమ డొంకలన్నియు బురద. కాలువలో పడవ, ఏటిలో నావ, ఈ రెండును కానిచో నడచుటకు ఎండిన నేల ఒక్కటే: గట్టు. కనుక గట్టును ఎవరును త్రోవగా ప్రకటింపలేదు, కాళ్లే ప్రకటించినవి. పెండ్లివారు గట్టుమీదనుండియే వచ్చెడివారు. తీర్థమునకు గట్టుమీదనుండియే పోయెడివారు. శవమును తీసికొనిపోవుటకును గట్టే. రేవులన్నియు గట్టుమీద తలుపులవంటివి. ముక్తేశ్వరము రేవున దిగి పంటు ఎక్కినచో ఆవల కోటిపల్లి. సఖినేటిపల్లి రేవున ఎక్కినచో ఆవల నరసాపురము. ఎదుర్లంక, యానాముల నడుమను, దిండి, చించినాడల నడుమను వంతెనలు వచ్చినవి మొన్న మొన్ననే. అంతవరకు కోనసీమ వాసికి బయటిలోకము గట్టు దిగిన తరువాత మొదలగును.

అయితే త్రోవగా వాడినకొలది గోడ చెడును. బండిచక్రము గాడి చేయును. గాడిలో వాననీరు నిలుచును. నిలిచిన నీరు లోనికి దిగి మట్టిని మెత్తపరచును. ఏటిలోని ఇసుకకై బండ్లు దిగు ర్యాంపు దగ్గర గట్టు ఎత్తు తగ్గును. ఇరువదవ శతాబ్దమున బండ్ల స్థానములో లారీలు వచ్చిన తరువాత ఆ తరుగుదల పెరిగినది. గట్టుమీద తారు వేసినచో త్రోవకు మేలు. కాని తారు క్రింద ఎలుక ఎక్కడ బొరియ త్రవ్వినదో పై నుండి చూచువానికి తెలియదు. ఇంజనీరు గట్టు గట్టుగానే ఉండవలెనని కోరును. ఊరివాడు అది బస్సు త్రోవ కావలెనని కోరును. ఇద్దరిదియు న్యాయమే. ఆ ఊరికి వేరొక త్రోవ లేనప్పుడు, గట్టుమీద నడవవద్దని ఎవరు చెప్పగలరు?

మట్టిగట్టును ఒకసారి కట్టి విడువలేమను సంగతి గ్రామస్థులందరికి తెలిసినదే. ఎందుచేతనో కొంత విపులముగా చెప్పెదము. గట్టుకు ఎత్తు ఎంత ముఖ్యమో అడుగు వెడల్పు అంతకంటె ముఖ్యము. ఏటివైపు నీరు నిలిచియున్నప్పుడు అది గట్టు లోపలి మట్టిగుండ మెల్లగా వాలుచు పొలమువైపు దిగివచ్చును. బంకమట్టిలో ఆ వాలు నాలుగు అడుగులకు ఒక అడుగు చొప్పున ఉండునని, ఇసుకనేలలో ఆరు అడుగులకు ఒక అడుగు ఉండునని ఇంజనీర్ల లెక్క. గట్టు అడుగు ఆ వాలుకంటె వెడల్పుగా లేనిచో నీరు ఆవలివైపు పైకి కనబడును. దానినే ఊట అందురు. ఊటనీరు తేటగా ఉన్నంతవరకు అంత భయము లేదు. బురదరంగుతో వచ్చినప్పుడు గట్టు లోపలి మట్టి కరిగి వచ్చుచున్నదని అర్థము. ఇక ఆలస్యము చేయరాదు. అప్పుడు చేయు ఉపాయము చూచుటకు విచిత్రముగా ఉండును. ఊటను మూయుటకు యత్నింపరు. దాని చుట్టును ఇసుక బస్తాలతో చిన్న దడి కట్టి, అందులో నీటిని పైకి రానిత్తురు. లోపలి నీరు కొంత ఎత్తు నిలిచిన తరువాత అదే బయటినుండి వచ్చు నీటిని ఎదిరించి ఒత్తిడిని తగ్గించును. పెద్ద వలయము ఓడిపోవుచున్నచోట చిన్న వలయము కట్టుట అది.

ఈ పని వరదనాటిది. అసలు పని వరదకు ముందే ఉన్నది. వేసవిలో లస్కరు గట్టువెంట నడచుచు ఎలుక బొరియలను, ఎండ్రకాయల కన్నములను వెదకి త్రవ్వించి, మరల దిమ్మిస కొట్టి పూడ్పించవలెను. వాలుమీద మొలచిన చెట్లను పెరుగనీయరాదు. చెట్టు చచ్చినచో దాని వేరు కుళ్లి గొట్టమువలె నీటికి దారి యిచ్చును. వాలుమీద కట్టిన గుడిసెను, వేసిన గడ్డివామును, నాటిన కొబ్బరిమొక్కను తీయించవలెను. తీయించుట మాటలు కాదు. ప్రవాహము ఒరసికొను వంపులలో రాతితాపడము సరిచేయవలెను. ప్రవాహమును మళ్లించు గ్రోయిన్లను చూడవలెను. ఇవి యేవియు కంటికి కనబడు పనులు కావు. వీటికి శంకుస్థాపన చేయరు, ఫలకము పెట్టరు. హైదరాబాదు వలయ రహదారిపై ప్రతి బండియు సుంకము చెల్లించును. 2023లో ఆ రహదారిని 30 సంవత్సరముల నిర్వహణకు ఒక సంస్థకు 7,380 కోట్ల రూపాయలకు అప్పగించినారు. ఏటిగట్టుకు సుంకము లేదు. అది సంపాదించిపెట్టునది ఏమియు లేదు, పోనీయనిది మాత్రమే కలదు. పోనిదానిని లెక్కకట్టి చూపుట ఏ ఖజానాకును అలవాటు లేదు. అందుచేత గట్టునకు డబ్బు వచ్చునది సాధారణముగా గండి పడిన మరుసటి యేడు.

1953 ఆగస్టులో, ఆంధ్రరాష్ట్రము అవతరించుటకు రెండు నెలలలోపున, గోదావరికి సుమారు 30 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ముసలివారు తరువాత చాలకాలము 'ఏబదిమూడు వరద' అని దానితోనే తమ పిల్లల వయస్సులు లెక్కించెడివారు. అంతకు మించినది ఇక రాదనుకొన్నారు. 1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటినది. గట్లు పలుచోట్ల తెగినవి. ఆనాటినుండి గట్టు ఎత్తు నిర్ణయించుటకు 1986 మట్టమే ప్రమాణమైనది. ప్రమాణము నిర్ణయించుట వేరు, అంత ఎత్తు మట్టి పోయుట వేరు. ఇరువది ఏండ్ల తరువాత 2006 ఆగస్టులో, 1986 కంటె తక్కువ వరదకే, శానపల్లిలంక, మొండెపులంకల వద్ద గండ్లు పడినవి. అటుపిమ్మట గట్లను ఎత్తుచేసి వెడల్పుచేయు పని పెద్దయెత్తున చేపట్టినారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు గట్టు నిలిచినది. కాని పనికాని చోట్ల రాత్రివేళ ఊరివారే ఇసుక బస్తాలు మోసి నిలిపినారు. సాధారణముగా ఆగస్టులో రావలసినది జులైలోనే వచ్చుట ఇంకొక చింత.

వరదరాత్రి గట్టుమీద కాపలా యున్నవారికి రేడియో ఒక తోడు. భద్రాచలము వద్ద 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరము వద్ద పదకొండు ముప్పాతిక, పదమూడు ముప్పాతిక, పదునేడు ముప్పాతిక అడుగులు. ఒకటవ, రెండవ, మూడవ హెచ్చరికల ఈ అంకెలు కోనసీమవారికి ఎక్కములవలె నోటికి వచ్చును. భద్రాచలమున పెరిగిన నీరు తమవద్దకు వచ్చుటకు సుమారు ఒక దినము పట్టునని వారికి తెలియును. ఆ ఒక్క దినములోనే బస్తాలు, వెదురుగడలు, తాటాకులు, లాంతర్లు సమకూర్చుకొనవలెను.

గట్టు బయటి నీటిని ఆపినంతసేపు లోపలి నీటిని కూడ ఆపును. ఈ సంగతిని కాటన్ కాలమువారు అంతగా తలచినట్లు తోచదు. పొలములలో పడిన వాన మురుగుకాలువలగుండ ఏటికో సముద్రమునకో పోవలెను. ఏరు ఉబ్బియున్నప్పుడు తూము తలుపు మూయవలసివచ్చును. అప్పుడు లోపలి నీరు లోపలనే. వరద రాకుండనే చేలు మునుగును. 1964లో నియమించిన మిత్రా సంఘము కృష్ణా గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించినది. అరువది ఏండ్లు కావచ్చినది. మురుగు ఇంకను మురుగుగానే ఉన్నది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట వేయక విరామము ప్రకటించినప్పుడు వారి కష్టములలో ధరయొక్కటే కాదు, ఈ నిలువనీరు కూడ ఉన్నది. అన్నపూర్ణయని పేరు పొందిన నేలలో రైతు తనంతట తాను నాగలి దించినాడనిన, వలయము లోపల కూడ సుఖము సంపూర్ణము కాదని తెలియుచున్నది.

లోపలివారి మాట ఇంతవరకు. చుట్టు గీచినప్పుడు లోపల యెంతయో బయట కూడ అంత ఏర్పడును. గట్టునకును ఏటికిని నడుమ, ఏటిలోపల, లంకలు కలవు. పేరు చివర లంక అనియుండి గట్టు లోపల పడిన ఊళ్లు కొన్ని. గట్టు బయటనే మిగిలినవి కొన్ని. ఒండ్రు పడిన నేల కనుక లంకలో పండనిది లేదు. అరటి, కూరగాయలు, ఒకప్పుడు పొగాకు. గోదావరి లంకపొగాకు చుట్టలకు ఇంగ్లండులో సహితము పేరుండెడిది. 1890లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ నవలలో ఆ పరిశోధకుడు 'లంకా' చుట్టను ప్రస్తావించుట చూచి మాకు ఒకింత గర్వము కలిగినమాట దాచము. కాని ఆ చుట్టను కాల్చిన దొరకు, ఆ ఆకు పండించినవాని ఇంటిలో ఏటేటా నీరు చేరునని తెలిసియుండదు.

గట్టు ఎత్తుచేసినకొలది ఏటికి పరచుకొనుటకు చోటు తగ్గును. చోటు తగ్గినకొలది నీరు ఎత్తుగా పారును. ఆ ఎత్తు ముందుగా చేరునది లంకకే. లోపలి రెండు లక్షల ఎకరములు నిశ్చింతగా నిద్రించుటకు లంకవాడు మేలుకొనియున్నాడు. ఇది గోదావరికి మాత్రమే పరిమితమైనది కాదు. 1927లో అమెరికాలో మిసిసిపీ నదికి వరద వచ్చినప్పుడు, న్యూ ఆర్లియన్సు నగరమును కాపాడుటకై దిగువనున్న పల్లెల గట్టును మందుగుండు పెట్టి పేల్చివేసినారు. మన దేశమున అంత దారుణము ఎవరును చేయలేదు. చేయనక్కర కూడ లేకపోయినది. మనము గట్టు వేసిన చోటనే ఆ తీర్పు చేసియున్నాము. కాజ్‌వే మునిగిన దినమునుండి లంకవారికి పడవయే దిక్కు. 2022లో కొన్ని లంకలు వారము దాటి నీటిలోనే ఉన్నవి. గట్టు ఖర్చులో లంకవారికి కలిగిన నష్టమును కూడ ఒక పద్దుగా వ్రాయవలెనని, దానికి పరిహారము దయగా కాక బాకీగా చెల్లింపవలెనని మేము తలచుచున్నాము.

మూడవ హెచ్చరిక వినబడిన రాత్రి లంకవారు పశువులను తోలుకొని, బియ్యపుమూటలతో, పిల్లలతో గట్టెక్కుదురు. అప్పుడు ఆ చుట్టుత్రోవమీద బండి నడవదు. వరుసగా టార్పాలిను గుడారములు, పొయ్యిలు, కట్టివేసిన గేదెలు. లోపలి ఊరివారు అన్నము వండి తెత్తురు. రెండు ప్రక్కలవారును ఒకే మట్టిమీద కూర్చుండి ఏటివైపు చూచుచుందురు. నీరు తీసిన తరువాత లంకవారు దిగిపోవుదురు. గేదెలను కట్టిన గుంజలు పీకిన చోట గట్టుమీద వరుసగా గుంతలు మిగులును. లస్కరు వచ్చి, ఒక్కొక్కదానిలో మట్టి వేసి, కాలితో త్రొక్కుచు పోవును.